మా బోర్డు మీద నుంచి సీతమ్మగారి పేరు తీసేస్తున్నాము

మా మెస్‌లో రోజూ భోంచేసే వారికీ, పార్శిళ్లు తెప్పించుకునే ఆఫీసుల వారికీ నమస్కారం. ఈ ఏప్రిల్ 28వ తేదీ నుంచి అమలాపురం బస్టాండు దగ్గరున్న మా మెస్ బోర్డు మీద డొక్కా సీతమ్మగారి పేరు ఉండదు. అదే రోజు నుంచి ఫుల్ మీల్స్ ధర 110 రూపాయల నుంచి 120 రూపాయలకు పెరుగుతుంది. ఈ రెండు సంగతులూ ఒకే చోట చెబితే బాగుండదని మా ఇంట్లో వారించారు గానీ, ధరల పట్టికా ఆ తల్లి పేరూ ఒకే గోడ మీద ఉండటమే నన్ను ఇన్నాళ్లుగా ఇబ్బంది పెడుతున్న విషయం కాబట్టి, కలిపే చెబుతున్నాను.

తొమ్మిదేళ్ల కిందట మెస్ తెరిచినప్పుడు ఆ పేరు పెట్టింది నేనే. కోనసీమలో అన్నం మాట వస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆమె పేరే కాబట్టి, భక్తితో పెట్టానని అందరికీ చెప్పాను. భక్తి ఉన్న మాట నిజమే. ఆ పేరు చూస్తే జనం నమ్మకంగా లోపలికి వస్తారన్న ఆశ కూడా అంతే నిజం, వచ్చారు కూడా.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. ఆమె తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారిని ఊళ్లో అందరూ బువ్వన్న అని పిలిచేవారట. అడిగినవారికల్లా బువ్వ పెట్టే మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి భారమూ, వచ్చేపోయే వారికి వండి వడ్డించే పనీ ఆమె మీదే పడ్డాయి. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు వేదం చదువుకున్న రైతు. ఒకసారి మండపేట వచ్చి భోజనాల వేళకు వారింట ఆగిన ఆయన, ఆమె చేసిన మర్యాద చూసి పెళ్లాడారని చెబుతారు. అత్తవారి ఊరు గోదావరి పాయల నడుమ లంక భూముల్లో ఉంది. పడవ దిగి ఆకలితో వచ్చే బాటసారికి ఏ వేళనైనా అన్నం దొరికే ఇల్లు వారిదే అయింది. ఏ కులమని, ఏ ఊరని అడగకపోవడం, వేళ దాటిందని అనకపోవడం ఆ ఇంటి పద్ధతి.

మా ప్రాంతంలో పెద్దవాళ్లు చెప్పే కథ ఒకటుంది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని చూడాలన్నది ఆమెకు ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక. ఒకసారి వీలు చూసుకుని బయలుదేరాక, దారిలో విశ్రాంతికి ఆగిన చోట, అటుగా వెళుతున్న పెళ్లివారి మాటలు ఆమె చెవిన పడ్డాయి. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను, ఇంకాసేపట్లో గన్నవరం చేరతాము, సీతమ్మగారింట్లో అన్నం తినవచ్చు అని వాళ్లు ఓదారుస్తున్నారట. ఆ మాట విన్న ఆమె యాత్ర మానుకుని, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే ఆమె వెళ్లలేదనీ, చివరికి ఆమె ఫోటోనే పంపించారనీ కూడా చెబుతారు. నన్నడిగితే చక్రవర్తి పిలుపు కాదనడం తేలిక, దేవుడి దర్శనానికి బయలుదేరినవారు సగం దారిలో వెనక్కి తిరగడమే కష్టం. 1909 ఏప్రిల్ 28న ఆమె కన్నుమూశారు. ఏ పదవీ చేయని ఆ ఇల్లాలి పేరును గన్నవరం దగ్గర వైనతేయ అనే గోదావరి పాయ మీదున్న అక్విడక్టుకు, అంటే కాలువ నీటిని నది మీదుగా దాటించే వంతెనకు పెట్టారు, 2024లో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికీ పెట్టారు.

ఇక మా మెస్‌లో జరిగింది చెప్పాలి. పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం, మూడు దాటాక, చేతిలో గుడ్డసంచితో ఒక పెద్దాయన వచ్చి, చొక్కా జేబులోంచి రెండు ఇరవై నోట్లు తీసి, నలిగిన అంచులు సరిచేసి కౌంటరు మీద పెట్టారు. మీల్స్ 110 అండీ అని మా కుర్రాడు చెప్పాడు, అలా చెప్పమన్నది నేనే కాబట్టి తప్పు వాడిది కాదు. ఆయన నోట్లు వెనక్కి తీసుకుని, బోర్డు వంక తలెత్తి చూసి, "సీతమ్మగారి పేరు కదా బాబూ, అందుకని వచ్చాను" అన్నారు. గొంతులో కోపం లేదు. ఆ పక్క బల్ల దగ్గరే పొద్దుటి కలెక్షను లెక్కపెట్టుకుంటున్న నాకు ప్రతి మాటా వినిపించింది, అయినా చేతిలోని కట్ట పూర్తయ్యేదాకా లేవలేదు. లేచి బయటికి వెళ్లేసరికి బస్టాండులో ఆయన కనిపించలేదు. ఆ పూట మా గుండిగలో మిగిలిన అన్నం పదిమందికి సరిపోయేది.

మీ దగ్గర డబ్బు తీసుకుని అన్నం పెట్టడం మా బతుకుతెరువు, అందులో నాకు సిగ్గేమీ లేదు. ఆ పనికి ఆమె పేరు తగిలించడమే తప్పని నాకు ఆ రోజు తెలిసింది. కొత్త బోర్డు మీద మీరంతా ఎలాగూ పిలిచే బస్టాండు మెస్ అన్న పేరే ఉంటుంది. రోజూ పదిమందికి సరిపడా బియ్యం లెక్కలో కలిపి పొద్దున్నే వండిస్తాము. డబ్బు లేదన్నవారికి టోకెన్ అడగకుండా, అందరితో పాటే అదే ఆకులో వడ్డిస్తాము. పదకొండో మనిషి వస్తే ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. పెంచిన పది రూపాయలు దీనికోసమే అంటే అబద్ధమవుతుంది, అవి నూనెకూ, గ్యాస్ బండలకూ, వంటవాళ్ల జీతాలకూ పోతాయి. దయచేసి ఎవరూ చందాలు ఇవ్వవద్దు, తినేవారిని ఫోటోలు తీయవద్దు.

సీతమ్మగారి పటాన్ని కౌంటరు వెనక నుంచి తీసి వంటగదిలో, పొయ్యిలకు ఎదురుగా పెట్టాము. పాత పేరుతో అచ్చువేయించిన పార్శిల్ సంచులు ఇంకా రెండు కట్టలున్నాయి. అవి అయిపోయేదాకా వాటిలోనే ఇస్తాము, మరోలా అనుకోవద్దు.