కాఫీ కప్పును నిందించే ముందు

సంపాదకులకు,

ఆర్యా,

నగరాల్లో చెత్త గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ, కాగితపు కప్పులో కాఫీ తీసుకుని నడిచే వారినే ముందుగా తప్పుపడుతున్నారు. చర్చ అవసరమే. కానీ ఆ కాఫీ ఇచ్చే సంతోషాన్ని విలాసమనో, సోమరితనమనో కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇంటి పనులకూ ఉద్యోగానికీ మధ్య, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని కొద్ది నిమిషాలు నగరవాసికి దొరకడమే అరుదు. కాఫీ చేతబట్టుకుని దుకాణం బయటికి వచ్చిన మనిషికి అవి దొరుకుతాయి. అరచేతులకు వెచ్చదనం తగులుతుంది, మూత తీయగానే కమ్మని వాసన ముఖాన్ని తాకుతుంది, అడుగు దానంతట అదే నెమ్మదిస్తుంది. రక్తంలో కెఫీన్ గరిష్ఠ స్థాయికి చేరడానికి సాధారణంగా అరగంట నుంచి గంట వరకు పడుతుంది కనుక, తొలి గుక్కతోనే ప్రాణం లేచివచ్చినట్లు అనిపించడంలో ఆ వాసనకూ, వేడికీ, కాస్తంత విరామానికీ ఉన్న పాత్ర చిన్నది కాదు. (మూత మీది చిన్న రంధ్రంలోంచే తాగేవారు సగం ఆనందాన్ని వదులుకుంటున్నారనే నేను నమ్ముతాను.) పెద్దగా ఖర్చు లేకుండా, ఒంటరిగా ఉన్నవారికి కూడా అందే ఇటువంటి సుఖాలు నగర జీవితంలో ఎన్ని ఉన్నాయి?

అసలు చిక్కు కప్పు తయారీలో ఉంది. కాగితం నానిపోకుండా లోపల పాలిథిలిన్ పొర వేస్తారు. ఆ పొరను విడదీసే ప్రత్యేక సదుపాయాలు తక్కువ కావడంతో చాలా కప్పులు పునర్వినియోగానికి నోచుకోక చెత్తకుప్పలకే చేరుతున్నాయి. దీన్ని తాగేవారి మనస్సాక్షికి వదిలేసి ఊరుకోవడం సరికాదు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరం 2016లోనే, ధరావతు చెల్లించి తీసుకుని, పథకంలో చేరిన ఏ దుకాణంలోనైనా తిరిగి ఇచ్చేయగల కప్పును ప్రవేశపెట్టింది. 2023 జనవరి నుంచి ఆ దేశంలో, చిన్న దుకాణాలకు కొంత మినహాయింపునిస్తూ, పానీయాలను మళ్లీ వాడదగిన కప్పుల్లో కూడా అందించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. కొనేవారు కప్పును వెంట మోసుకు తిరగనవసరం లేదన్నదే ఈ పద్ధతిలో నాకు నచ్చిన అంశం.

పురపాలక సంస్థలు ఇటువంటి ఉమ్మడి కప్పుల పథకాన్ని చేపట్టాలనీ, కప్పులు కడిగే భారాన్ని చిన్న దుకాణదారులపై మోపకుండా కేంద్రీకృత ఏర్పాటు చేయాలనీ కోరుతున్నాను. కాలిబాటల పక్కన నీడ, నాలుగు బల్లలు, నిండి పొర్లకుండా వేళకు ఖాళీ చేసే చెత్తబుట్టలు కూడా ఆ పథకంలో భాగం కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు