బాపుకు, తిత్తి పండుగ నాడు

ఒసాకా, నవంబర్ 8

బాపూ,

నీకు, అమ్మకు దండాలు. మేం మంచిగనే ఉన్నం. పని మామూలే, రాసేటంత ఏం లేదు. పైసలు సోమవారం ఏసిన, ముట్టినయో లేదో తమ్ముణ్ణి బ్యాంకుల చూడుమను.

ఇయ్యాల ఇక్కడ తిత్తి పండుగ. దసరాకు మనం సుత్తె, పటకారు కడిగి బొట్టు పెట్టినట్టే ఇక్కడి కమ్మరులు నవంబర్ 8న కొలిమితిత్తికి మొక్కుతరు. అందుకే నీకు రాయబుద్ధయింది. ఫోన్ల నువ్వడిగినదానికి సగమే చెప్పిన. "పాత ఫోటోల ఉన్నోడు కత్తులు చేసేటోడేనని ఎట్ల ఎరుక? పేరెట్ల పట్టుకుంటరు?" అన్నవు. ఎనుకనుంచి అమ్మ "కత్తులోళ్ళ తోని వీనికేం పని" అన్నది కూడ ఇనబడ్డది. అమ్మా, ఇవన్నీ కాగితాలే. ఊకె పరేషాన్ కాకు.

బాపూ, మొదలు మొహం చూడొద్దు. కొలిమి చూడాలె. బయటి దేశాలోళ్ళకు అమ్మెటందుకు యోకొహామాల తీసిన బొమ్మలు చాన ఉన్నయి. ఫెలీచే బియాటో అనే ఫోటోల ఆయన 1863ల అక్కడికొచ్చిండు, ఆయన ఎనుక ఇంకెందరో. కింద "కత్తుల కమ్మరి" అని ఇంగ్లీషుల రాసి ఉంటది, గోడకేమో కొడవళ్ళు, పారలు ఏలాడుతుంటయి. ఆయన మన అసొంటి ఊరి కమ్మరి, ఇక్కడ నోకజి అంటరు. ఇంకో బొమ్మల నిప్పే ఉండదు, ముందట ఏటవాలు చెక్క మీద సానరాయి, పక్కన నీళ్ళ బాల్చి. ఆయన తొగిషి, కత్తికి సాన పట్టేటోడు, కత్తిని కొట్టినోడు కాదు.

అసలు కత్తుల కమ్మరి కాడ ఏముంటయంటే, దేవదారు జాతి మాను బొగ్గు, అన్నీ ఒక్క తీరుగ ఇంచుకు కొంచెం అటిటుగ నరికిన ముక్కలు. పక్కకు గడ్డి బూడిద, బంకమట్టి నీళ్ళు. ఉక్కు ముద్దను బూడిదల పొర్లించి మట్టినీళ్ళు పోసి కొలిమిల పెడతరు, లేకుంటే లోపల అతుకు ఏడి ఎక్కకముందే పైపొర కాలిపోతది. చేతిల పొడుగు ఇనుప కడ్డి, దాని కొసకు ఉక్కు పలకల పేర్పు అతికి ఉంటది. దాన్ని తెకొబో అంటరు. ఊరి కమ్మరికి దానితోని పని లేదు. ఇంకా కత్తి అడ్డంగ, పొడుగంత మునిగేటంత పొడుగున్న సన్నటి నీళ్ళ తొట్టి. ఇవిట్ల రెండు మూడు కనబడితే కత్తుల కొలిమే అనుకోవచ్చు. ఈళ్ళ ఉక్కు ఇసుక ఇనుమును మట్టి కొలిమిల బొగ్గుతోని కాల్చి తీసిన ముద్ద, తమహగనె. మన కోనసముద్రం ఉక్కు మూసల కరిగించినది. రెండింటిని ఒక్కటనేటోళ్ళు ఇక్కడ కూడ దొరుకుతరు, కోపమొస్తది.

కాలిన కత్తిని నీళ్ళల ముంచి గట్టి చేసేటప్పుడు ఎరుపు గుర్తుపట్టెటందుకు కొట్టం చీకటి చేస్తరు. కాబట్టి తళతళ ఎలుతురుల కత్తిని తొట్టిల ముంచుతున్న పాత ఫోటో ఉంటే అది ఫోటో కోసం నిలబడ్డదే. 1870ల నాటి తడి అద్దపు పలక మీద తీసిన బొమ్మల కూడ సమ్మెట పైకెత్తి ఉంటది, చేయి మాత్రం చెదరదు. పలకకు కొన్ని సెకండ్లు ఎలుతురు కావాలె, అప్పటిదాంక కదలకుండ నిలబడ్డరన్నమాట. అబద్ధపు బొమ్మ అని పారెయ్యొద్దు, పనిముట్లు నిజమే కావొచ్చు.

కొలిమి పక్కన కూసున్నోడే పెద్ద. ఆ జాగను యొకొజా అంటరు. ఎడమచేత తిత్తి పిడి, కుడిచేత పటకారో చిన్న సుత్తెనో. ఎదురుంగ నిలబడి సమ్మెట ఏసేటోళ్ళు శిష్యులు. నీ కొలిమిల లెక్కనే కదా. కాని చూసేటోళ్ళ కన్ను సమ్మెట ఎత్తిన పడుచోని మీదికే పోతది, కింద రాసిన పేరు ఆయనకే తగిలిస్తరు. పెద్ద మనుషులు చూడవస్తే వాళ్ళ చేతికి సమ్మెటిచ్చి తీసిన ఫోటోలు కూడ ఉంటయి. తలకు నల్లటి ఎబోషి టోపీ, తెల్లబట్టలు, చుట్టూ గడ్డి తాడు, తెల్ల కాగితాలు కనబడితే అది కొత్త సంవత్సరం మొదటి దెబ్బనో, గుడి కోసం చేసే పనో. ఆ ఏషంల శిష్యుడు కూడ గురువు లెక్కనే కొడతడు.

బొమ్మ తిరగబడ్డదా అన్నది కూడ చూడాలె. తిత్తి పెద్దాయనకు ఎడమ దిక్కుండాలె. కిమోనోల ఎడమ అంచు పైకి రావాలె, కుడి అంచు పైకి కట్టేది శవానికే. రెండూ తారుమారైతే నెగటివ్ తిరగేసి అచ్చేసిండ్రని తెలుస్తది. కాగితం మీద అచ్చెయ్యకుండ అద్దం మీదనే నేరుగ తీసిన పాత బొమ్మలు కొన్ని కెమెరాలనే తిరగబడి పడతయి.

ఇగ పేరు. రాత కుడి నుంచి ఎడమకు పోతుంటే దాదాపు రెండో ప్రపంచ యుద్ధం ముందటిదే. గుంపు ఫోటోల పేర్లు కూడ "చూసేటోళ్ళకు కుడి నుంచి" లెక్కపెడతరు. మనం ఎడమ నుంచి చదివితే గురువు పేరు కొసన ఉన్న పిల్లగాని మీద పడతది. నేను చూసిన తప్పులల్ల ఎక్కువ ఇదే.

ఒక్క మనిషికి రెండు పేర్లు, ఇద్దరు మనుషులకు ఒక్క రాత, ఇదింకో చిక్కు. కత్తుల కమ్మరులైన గస్సన్ ఇంటోళ్ళను తీసుకో. ఒసాకాల గస్సన్ సదకజు, 1836 నుంచి 1918 దాంక. ఆయన కొడుకు సదకత్సు. మనుమడు సదయిచి, 1907 నుంచి 1995 దాంక. సదకజు, సదయిచి పలుకుడే వేరు, రాసేది ఒక్క తీరే. ఫోటో కింద ఆ రెండక్షరాలుంటే తాతనో మనుమడో రాత చెప్పదు. కాగితం, బట్టలు, ఎనుక ముద్ర చెప్పాలె. మనుమడు ముందుగాల వేరే పేరుతోని పని చేసి, తర్వాత తాత పేరు పెట్టుకున్నడు. నాగానోల మియయిరి అకిహిర, యుకిహిర ఒక్కడే మనిషి. కురిహర హికొసబురొ, కురిహర అకిహిదె కూడ ఒక్కడే.

శిష్యునికి చాన సార్లు గురువు పేరుల ఒక అక్షరం ఇస్తరు, అది మంచి దారం. 1933ల తోక్యోల రెండు కొలుములు పెట్టిండ్రు. అకాసకాల కురిహరది, ఆయన శిష్యుల పేర్లకు ముందు "అకి". యసుకుని గుడి ఆవరణల సైన్యం ఆఫీసర్ల కోసం ఇంకోటి, అక్కడోళ్ళ పేర్లకు ముందు "యసు", అది 1945 దాంక నడిచింది. ఊరొక్కటే, ఏండ్లొక్కటే, ఏషమొక్కటే కాబట్టి ఈ రెండు గుంపుల ఫోటోలు మస్తు కలగలుస్తయి. ముందక్షరం చూసినంక సందేహం సగం పోతది. సగమే. "సద" మాత్రం గస్సనోళ్ళకే సొంతం కాదు, ఇంకెందరో పెట్టుకున్నరు.

ఏండ్లు పట్టుడు ఎట్లంటే, బొమ్మ పోస్టుకార్డు అయితే దాని ఎనుక చూస్తరు. సొంతంగ అచ్చేసిన బొమ్మకార్డులకు 1900 సంవత్సరంల అనుమతి వచ్చింది. చిరునామా దిక్కు ముచ్చట రాసే జాగ లేకుంటే 1907కు ముందటిది. మూడో వంతు గీత ఉంటే 1907 తర్వాత, సగానికి గీత ఉంటే 1918 తర్వాత. కార్డు అనే మాట "హకకి" అని ఉంటే 1933కు ముందు, "క" పక్కన రెండు చుక్కలొచ్చి "హగకి" అయితే ఆ తర్వాత. కాని కార్డు చెప్పేది అచ్చేసిన ఏడు, ఫోటో తీసిన ఏడు కాదు. పోయినోని బొమ్మను ఇరవై ఏండ్ల తర్వాత కూడ అచ్చేస్తరు. స్టూడియో ముద్రల "తోక్యో నగరం" అని ఉంటే 1889, 1943 నడుమ. రాజుల కాలం పేర్లతోని ఏండ్లుంటే ఆ అంకెకు, మెయిజి అయితే 1867, తాయిషో అయితే 1911, షోవా అయితే 1925 కలపాలె. భూతద్దంల చిన్న చిన్న చుక్కలు కనబడితే అది ఫోటో కాదు, పుస్తకంల అచ్చు బొమ్మ. గప్పుడు పుస్తకం ఎతకాలె, మొహం కాదు.

1876ల కత్తి కట్టుకుని తిరగొద్దని హుకుం ఇచ్చిండ్రు, కత్తుల కమ్మరుల బతుకు ఆగమైంది. కొందరు వంట కత్తులకు, కొడవళ్ళకు మళ్ళిండ్రు. నీకిది చెప్పాల్సిన పనే లేదు, ట్రాక్టర్లొచ్చినంక మన నాగలి కర్రులు చూసినవు. అందుకే ఆ నడిమి కాలం ఫోటోలు తక్కువ. పేరు మిగిలినోళ్ళు ఇద్దరు ముగ్గురు. 1906ల రాజు కొలువు కళాకారులుగ సదకజును, మియమొతొ కనెనొరిని ఎంచుకున్నరు. దాంతోని ప్రతి ముసలి కమ్మరి బొమ్మ ఈ ఇద్దరిదే అని అమ్ముతరు. పేరుంటే ధర ఎక్కువ మరి.

మొహం కొసకు. తేదీ, పేరు అచ్చయిన పుస్తకంల బొమ్మను పక్కన పెట్టుకుని చెవులు పోల్చాలె. గడ్డం మారుతది, చెవి మడత అంత తొందరగ మారదు. అయినా కుదరకుంటే "పేరు తెల్వదు, కత్తుల కమ్మరి, 1918 తర్వాతి కార్డు" అని రాసి ఊకోవాలె. చేతిల కత్తి ఉన్నంత మాత్రాన అది ఆయన చేసిందని కూడ కాదు.

దసరాకు రాలేదని పెదనాయన అన్నడట. సెలవు దొరకలేదు, అంతే. సంక్రాంతి సంగతి ఇప్పుడే మాటియ్య. అమ్మ మోకాలుకు పట్టీ కడుతున్నదా?

ఒక్క పని చెయ్యి. తాత కొలిమి ముందట నలుగురున్న ఫోటో ఉన్నది కదా, గోడకు తగిలించింది. చట్రం ఇప్పి, ఎనుక మెత్తని పెన్సిలుతోని పేర్లు రాయి, గట్టిగ ఒత్తకు. ఇంకుపెన్ను వద్దు, ఇవతలికి దిగుతది. ఏ దిక్కు నుంచి లెక్కపెట్టినవో కూడ రాయి. సమ్మెట పట్టినోణ్ణి అమ్మ చిన్నతాత అంటది, పెదనాయన పాలేరు అంటడు. నువ్వైతే ఎవలంటవు?

ఉంట,
నీ పెద్దోడు