పాత కంప్యూటర్లను తుక్కు కింద రాసే ముందు: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారములు.

హనుమకొండలో కంప్యూటర్లు మరమ్మతు చేస్తూ, నర్సంపేట, పరకాల వైపు ప్రభుత్వ పాఠశాలల నుంచి వచ్చే పాత యంత్రాలను తరచూ చూసేవాడిని. కొత్తగా పంపిన పాఠాల ప్రోగ్రాం తెరుచుకోకపోతే, కంప్యూటర్ పాతబడిందని రిజిస్టరులో రాసి మూలన పెట్టడం రివాజైపోయింది. ఆ యంత్రాల్లో చాలావాటికి ఏ జబ్బూ లేదు.

ఒక ల్యాబులో ప్రోగ్రాం ఐకాన్ మీద నొక్కగానే, ఎంఎస్‌వీసీపీ140 అనే డీఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రాం నడవడానికి కావలసిన సహాయక ఫైలు) లేదనీ, ప్రోగ్రాంను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనీ ఇంగ్లిషులో ఒక పెట్టె వచ్చింది. అక్కడి ఉపాధ్యాయురాలు అలాగే చేశారు, మళ్లీ అదే పెట్టె వచ్చింది. నిజానికి ఆ ఫైలు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ++ ప్యాకేజీలోది. ప్రోగ్రాం సరఫరా చేసినవారు దాన్ని తమ సీడీలో కలపలేదు కనుక ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు. విండోస్, ప్రోగ్రాంలు 32 బిట్లవి, 64 బిట్లవి అని రెండు రకాలుగా వస్తాయి; విండోస్ 64 బిట్లదే అయినా ప్రోగ్రాం 32 బిట్లదైతే 32 బిట్ల ప్యాకేజీయే వేయాలన్న సంగతి బడిలో ఎవరికి తెలుస్తుంది? దిక్కుతోచక ఆ ఒక్క ఫైలును ఏదో వెబ్‌సైటు నుంచి దించుకుని వైరస్ తెచ్చుకున్న బడులూ ఉన్నాయి.

మరికొన్ని చోట్ల ప్రోగ్రాం 64 బిట్లది, యంత్రంలో ఉన్నది 32 బిట్ల విండోస్ 7; దాని మీద ఆ ప్రోగ్రాం నడవదు. ప్రాసెసర్‌కు 64 బిట్ల సామర్థ్యం ఉన్నా, కొన్నప్పుడు ర్యామ్ తక్కువని 32 బిట్ల విండోస్ వేసి వదిలేశారు. ఇంకొన్నిటిలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోవడంతో, భద్రతా సర్టిఫికెట్లు చెల్లక, సర్వరుతో మాట్లాడాల్సిన ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోతోంది. రూపాయి బిళ్లంత బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అది నడుస్తుంది.

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు పాత యంత్రాల్లో చాలావాటిలో లేని టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి కాబట్టి ఇకపై ఇంకా ఎక్కువ యంత్రాలను పనికిరానివని రాస్తారు. మద్దతు లేని విండోస్‌తో పిల్లలను ఇంటర్నెట్‌లోకి పంపమని నేను కోరడం లేదు. విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా లైనక్స్‌తో నడుస్తున్నాయి; కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌లో తెలుగు కూడా ఉంది. మడికొండలో ఐటీ పార్కు ఉన్న మన వరంగల్‌కు పాత యంత్రాలను ఇలా నడిపించడం శక్తికి మించిన పనేమీ కాదు.

కాబట్టి, పాఠశాలలకు ప్రోగ్రాం సరఫరా చేసేవారితో చేసుకునే ఒప్పందంలోనే, అవసరమైన ఫైళ్లన్నీ ఇంటర్నెట్ లేకున్నా ఇన్‌స్టాల్ అయ్యేలా కలిపి ఇవ్వాలనీ, లైనక్స్‌లో నడిచే రూపం కూడా ఉండాలనీ, తెరుచుకోనప్పుడు కారణం తెలుగులో చూపాలనీ షరతు పెట్టించండి. మండలానికి ఒక సాంకేతిక సహాయకుడిని నియమించి, అతడు పరీక్షించి సంతకం చేయనిదే ఏ కంప్యూటర్‌నూ తుక్కులో చేర్చకూడదని ఉత్తర్వు ఇప్పించండి. ఇప్పటికే మూలన పడినవాటిని వేలానికి పంపకుండా ఆపి, వచ్చే వేసవి సెలవుల్లోగా ఒకసారి తెరిపించి చూపించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్, హనుమకొండ