ఎముక పొడి ధర అడిగితే ఎవరూ చెప్పరేం? కేంద్ర రసాయనాలు, ఎరువుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

పంటి ఇంప్లాంటుకు, అంటే పోయిన పన్నుకు బదులు దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరుకు, ముందు దవడలో నింపే ఎముక పొడి గురించి ఇదివరకు పంపిన అర్జీలు మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. ఒక కార్యాలయం ఇది ఆరోగ్యం వారి పని అంది. ఆరోగ్యం వారు ధరల సంగతి తమది కాదన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు ‘పరిష్కరించడమైనది’ అన్న ముక్కతో మూతపడింది. ఏం పరిష్కరించారో నాకు మాత్రం చెప్పలేదు. అందుకే ఇక నలుగురూ చూసేలా రాస్తున్నాను.

మా ఆవిడకు పైదవడ పన్ను తీయించి చాలా కాలమైంది. పన్ను పోయిన చోట ఎముక కరిగిపోతుంది, పైనున్న సైనస్, అంటే ముక్కు పక్కనుండే గాలి గది, కిందికి దిగుతుంది, ఇంప్లాంటు పట్టేంత మందం మిగలదు. కాబట్టి ముందు పొడి నింపి, కొన్ని నెలలు ఆగి ఇంప్లాంటు వేస్తామన్నారు. సబబే. వైద్యం మీద నాకు ఫిర్యాదు లేదు, పొడి బాగానే నిలిచింది. నా గొడవంతా బిల్లులోని ఒక్క వరుసతో. ‘బోన్ గ్రాఫ్ట్ – 1’ (ఆ పొడికి వారు పెట్టిన పేరు) అని, పక్కన ఒక అంకె. ఆ అంకె ఇంప్లాంటు ఖరీదుకు ఇంచుమించు సమానం. కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, బరువు లేదు, ఎమ్మార్పీ లేదు. ఒకటి అంటే ఏమిటి? ఒక గ్రామా, ఒక సీసానా, ఒక చెంచానా?

సీసా చూపించమన్నాను. వాడేసిన గాజు సీసా నీలం డబ్బాలో వేసేశామన్నారు. జీవవైద్య వ్యర్థాలపై 2016లో వచ్చిన నియమాల ప్రకారం గాజు సామాను అందులోనే వేయాలట. మెచ్చుకోవలసిందే. ఖాళీ సీసా ఏ రంగు డబ్బాలో పడాలో తేల్చిన ప్రభుత్వం, నిండు సీసాను ఎంతకు మించి అమ్మకూడదో తేల్చలేదు.

నా మొహం చూసి జాలిపడ్డ ఒక సహాయకురాలు అదే రకం కొత్త డబ్బా తెచ్చి చూపించింది. చిటికెన వేలంత సీసా, అందులో అరగ్రాము తెల్లటి పలుకులు. పెద్ద పలుకు కూడా మిల్లీమీటరు దాటదు. డబ్బాలో బ్యాచ్ నంబరుతో ఒలిచి అంటించే చిన్న స్టిక్కర్లున్నాయి. రోగి ఫైలులో అంటించడానికే కంపెనీ వాటిని పెడుతుందట. మా ఫైలులో ఒక్కటీ లేదు. అడిగితే, ‘ఎవరూ అడగరండీ’ అంది ఆ అమ్మాయి.

ఆ పొడి ఆవుజాతి పశువుల ఎముక నుంచి తీసినదని కూడా ఆ డబ్బా మీదే చదివాను. మా ఆవిడ బుద్ధెరిగిన నాటి నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి. మాంసకృత్తులన్నీ తీసేసి శుద్ధి చేస్తారు, మిగిలేది ఖనిజమేనని డాక్టరు గారు తర్వాత ఓపిగ్గా చెప్పారు. నిజమే. ఆ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంటే ఆమె ఒప్పుకునేదేమో. లేదా కృత్రిమంగా తయారుచేసే హైడ్రాక్సీఅపటైట్ లేదా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే ఎముకలాంటి ఖనిజ పొడి వేయమని అడిగేదేమో. అడిగే వీలే లేకుండా ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకున్నారు. బిస్కెట్ ప్యాకెట్టు మీద పచ్చ చుక్క లేకపోతే కొనని ఇంట్లో, దవడలో ఏళ్ల తరబడి ఉండిపోయే పదార్థానికి ఏ చుక్కా లేదు.

ధర మాటకొస్తే, మీ శాఖకు చేతకాదని ఎవరంటారు? 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టారు, ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్లకు కట్టారు. గుండె అయింది, మోకాలు అయింది, దవడ దాకా మాత్రం రాలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల కిందే లెక్క అన్నారు, సంతోషించాం. దాని ఫలం ఏమిటంటే, ఏడాదికి 10 శాతానికి మించి ఎమ్మార్పీ పెంచకూడదట. మొదటి రోజే ఎంత వేసుకోవాలన్నది కంపెనీల ఇష్టం. ఆకాశంలో మొదలుపెట్టిన ధరను మెల్లగా పెంచుకోమని చెప్పడం కూడా నియంత్రణేనా, అయ్యా? పంటి వైద్యానికి సాధారణ బీమా పాలసీలు దాదాపు పైసా ఇవ్వవని మీకు తెలియనిది కాదు. మొత్తం పింఛనులోంచే పోవాలి.

మీది ఎరువుల శాఖ కూడా కనుక ఎముకల పొడి మీకు కొత్త సరుకు కాదు. పొలంలో చల్లే ఎముకల పొడికి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి. భాస్వరం ఎంత శాతం ఉండాలో రాసి పెట్టారు, బస్తా మీద వివరాలు ముద్రించాలన్నారు. బత్తాయి చెట్టు మొదట్లో ఏం పడుతోందో రైతుకు తెలుస్తుంది. తన నోట్లో ఏం పడిందో మా ఆవిడకు తెలియదు.

పోనీ, ఇది ఎక్కడో విదేశాల్లో తప్ప దొరకని వస్తువా? తిరువనంతపురంలోని శ్రీ చిత్ర వైద్య పరిశోధన సంస్థ హైడ్రాక్సీఅపటైట్, బయోగ్లాసు (ఎముకతో కలిసిపోయే ఒక రకం గాజు) కలిపిన ఎముక పదార్థాన్ని ఏనాడో రూపొందించింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988 నుంచి టిష్యూ బ్యాంకు నడుస్తోంది, దాతల ఎముకను గామా కిరణాలతో శుద్ధి చేసి ఇస్తుంది. ఇవన్నీ ఉన్నాయని రోగికి చెప్పేవారు లేరు. చెప్పాలని ఆదేశించేవారూ లేరు.

దయచేసి ఈ పొడికి ఒక గరిష్ఠ ధర కట్టండి. కట్టే లోగా బిల్లులో కంపెనీ పేరు, బరువు, ఎమ్మార్పీ అయినా రాయించండి. ఆ స్టిక్కరు రోగి చేతికి ఇప్పించండి, దానికి ఖజానా నుంచి రూపాయి కూడా ఖర్చు కాదు. ఏ జంతువుదో, జంతువుది కాదో ముందే తెలుగులో చెప్పించండి. ఇవి మీ శాఖ పనులు కావంటే ఎవరివో రాతపూర్వకంగా చెప్పండి, వారికే రాసుకుంటాను. ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న జవాబు మాత్రం వద్దు, అది నా దగ్గర ఇప్పటికే ఉంది.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక పింఛనుదారు