అది నూటికి నూరు కాదు, ఒకటి సున్నా సున్నా

సంపాదకులు గారికి,

పోయిన మంగళవారం మీ గజపతి జిల్లా పేజీలో సిలికాన్ వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని సిలికాన్ బిళ్ల) ముక్కల గురించి వచ్చిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. వారం తిరిగినా మనసు ఒప్పుకోలేదు. ‘100 రకం వేఫర్ అంటే నూటికి నూరు పాళ్లు శుద్ధమైనది’ అని రాశారు. తప్పు. దాన్ని ఒకటి సున్నా సున్నా అని చదవాలి. స్ఫటికంలో ఏ తలం పైకి వచ్చేలా కోశారో చెప్పే గుర్తు అది. 111 అనే ఇంకో రకం కూడా అంతే. శుద్ధికీ దీనికీ సంబంధమే లేదు.

కాలేజీ వాళ్లు చెప్పింది ఇంకా బాధ కలిగించింది. పెట్టె మీద చీటీ ఊడిపోయింది, ముక్కలైపోయాయి కాబట్టి రకం తెలిపేలా అంచున చదునుగా కోసే ఫ్లాట్ గుర్తు లేదు, ఎక్స్‌రే యంత్రం లేదు, ఏ రకమో తెలియక ప్రయోగం ఆగిందట! మా మనవరాలు అక్కడే ఎమ్మెస్సీ చదువుతోంది. రికార్డులో అందరూ 100 అని రాసుకోండి అన్నారట. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి, ఆ మాట విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అడిగి ఒక ముక్క తెచ్చుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని, మడత పెట్టిన దుప్పటి మీద దాన్ని ఉంచి, గాజు కోసే డైమండ్ పెన్నుతో అంచున చిన్న గీటు పెట్టి నొక్కాం. టిక్కుమని విరిగింది. జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టి చూస్తే మూల 60 డిగ్రీలు. ఇంకోచోట విరిచినా అంతే. సిలికాన్ 111 తలాల వెంబడి తేలిగ్గా చీలుతుంది. అందుకే 100 వేఫర్ లంబకోణాలతో నలుచదరంగా విరుగుతుంది, 111 వేఫర్ త్రికోణాలుగా విరుగుతుంది. మా చేతికొచ్చిన ముక్క 111. క్లాసంతా రాసింది 100!

కోతలో రెండు మూడు డిగ్రీల వాలు ఉందేమో చూడాలంటే ఎక్స్‌రే కావాలి, కాదనను.  కానీ ఏ రకమో తెలుసుకోవడానికి అంత ఖర్చు దేనికి? ఆ యంత్రం కావాలని ఇండెంట్ పెట్టి రెండేళ్లయినా ఫైలు కదల్లేదట. ల్యాబ్ అటెండెంట్ పోస్టు ఖాళీ. డిస్టిల్డ్ వాటర్ పిల్లలే కొనుక్కుంటున్నారు. 2025 ఆగస్టులో భువనేశ్వర్‌కి సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీ మంజూరైందని మనమందరం సంతోషించాం. అక్కడ ఇంటర్వ్యూకి వెళ్లే మన పిల్ల, వేఫర్ ముక్కను చేత్తో పట్టుకుని ఇది ఫలానా అని చెప్పలేకపోతే ఉద్యోగం ఎవరిస్తారు? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి. ఇలాంటి సంగతి వాడుక మాటల్లో చెబితే పదో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది. చెప్పే ఓపికే కరువైంది.

మా మనవరాలు రికార్డులో 100 కొట్టేసి 111 అని దిద్దింది. ఆ పేజీ చింపి, మిగతావాళ్లలాగే మళ్లీ రాసి తెమ్మన్నారట. చింపొద్దని చెప్పాను. వచ్చే నెలలోనే ప్రాక్టికల్స్, బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆలోగా మీ పేజీలో సవరణ వేయగలరు.

– ఒక విశ్రాంత ల్యాబ్ ఉద్యోగి, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా