‘ఐ’ దగ్గర ఆగిన మాట

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో సెమినార్ సంగతి చెప్పావు. ఇంగ్లీషులో మాట్లాడాలని లేచి నిలబడి ‘ఐ...’ అని ఆగిపోయావట, వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారట. ఇక గ్రూప్ డిస్కషన్లకి వెళ్లనన్నావు. నాకేమనాలో తోచక ‘తిన్నావా?’ అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, ఇన్నేళ్లుగా బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే మీ అమ్మకి ఇంగ్లీషులో మాట్లాడాలంటే దడ. మొదటిసారి ట్రైనింగుకి హైదరాబాద్ వెళ్లినప్పుడు వరసగా లేచి పరిచయం చేసుకోమన్నారు. నాకు ముందు ఆరుగురు. వాళ్లేం చెప్పారో ఒక్క ముక్క వినలేదు, నా వాక్యమే లోలోపల వల్లె వేసుకుంటున్నాను. నా వంతు వచ్చేసరికి నీళ్ల సీసా పట్టుకుని బాత్రూముకి పోయాను. సీసా ఎందుకో ఇప్పటికీ తెలీదు!

ఆ ట్రైనింగులోనే, పరాయి భాష క్లాసులో ఎంత భయపడతామో చూసే ఒక ప్రశ్నావళి నింపమన్నారు. 1986లో అమెరికాలో హార్విట్జ్ అనే ఆవిడ, మరో ఇద్దరు కలిసి రాసినది. మొత్తం 33 వాక్యాలు. సిద్ధపడకుండా మాట్లాడాల్సొస్తే కంగారు పడతాను, తోటివాళ్లు నవ్వుతారని భయం, ఇలాంటివి. అన్నిటికీ అవుననే టిక్కు పెట్టుకుంటూ పోయాను. తమాషా ఏంటంటే, వాళ్లు ముందు చూసింది టెక్సాస్ యూనివర్సిటీలో స్పానిష్ నేర్చుకునే పిల్లల్ని. పుట్టినప్పటినుంచీ ఇంగ్లీషే మాట్లాడే చోట కూడా, పరాయి భాష క్లాసులో పిల్లలు నీలాగే బిగుసుకుపోయారు.

నువ్వు ‘ఐ’ దగ్గరే ఎందుకు ఆగావో నేను చెప్పనా? ‘నేను ఈ ప్రాజెక్టుని మూడు నెలల్లో పూర్తి చేశాను’ అని ముందు తెలుగులో అనుకుని ఉంటావు. మనకి క్రియ చివర్న వస్తుంది. ఇంగ్లీషుకి అది ‘ఐ’ పక్కనే కావాలి. దాన్ని ముందుకి లాక్కొచ్చేలోపు నోరు ఆగింది. ఈసారి ముక్కలు చేసి చెప్పు. ‘ఐ డిడ్ దిస్ ప్రాజెక్ట్.’ ఆగు. ‘ఇట్ టుక్ త్రీ మంత్స్.’ చాలు.

ఇందులో నా తప్పూ ఉంది. నీ నోటుబుక్కులో ఒక్క ‘ఎస్’ తగ్గినా ఎర్ర ఇంకుతో సున్నా చుట్టింది నేనే కదా. అన్నం తింటూ ఒక మాట తప్పు పలికినా అక్కడే సరిచేసేదాన్ని. ఆ ఎర్ర పెన్ను ఇంకా నీ తలలో తిరుగుతున్నట్టుంది.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు మొదటి ఐదు నిమిషాలు ఇంగ్లీషే. నేను ఒక్క తప్పు కూడా పట్టను. మీ నాన్న పక్కన కూర్చుని నవ్వుతారు, ఆయన్ని వంటింట్లోకి పంపిస్తాలే.

అమ్మ