మంత్రి గారూ, పలాస మీదికి వచ్చే మబ్బును గోపాల్‌పూర్ రాడార్‌లో చూపించండి

రాష్ట్ర హోం, విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడి, కొబ్బరి తోటల మీద బతికే కుటుంబం. ఈ జిల్లా మీద వాన ఎక్కడ పడుతోందో, ఎటు కదులుతోందో పది నిమిషాలకోసారి చూపించే రాడార్ బొమ్మలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కానీ పొలంలో ఉన్న మనిషి దాకా అవి రావడం లేదు. వాటిని ఊళ్లకు చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

తుపాన్ల విషయంలో మీ శాఖను తప్పుపట్టడం లేదండీ. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ, గులాబ్, ఇవన్నీ చూసినవాళ్లం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు తోటలు నేలమట్టమయ్యాయి గానీ, తుపాను వస్తోందన్న సంగతి ముందే తెలుసు. దానికో పేరుంటుంది, టీవీలో దారి చూపిస్తారు, కంట్రోల్ రూములు తెరుస్తారు. వేసవి గాలివానకు ఇవేవీ ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నంతా ఉక్కపోత, మధ్యాహ్నానికి పడమటి కొండల మీద మబ్బు లేస్తుంది, గంట గంటన్నరలో అదే పెద్ద ఉరుముల మేఘమై మైదానం మీదికి దిగుతుంది. అప్పటికి జీడి పిక్కలు ఏరేవాళ్లు తోటల్లో, గొర్రెల కాపరులు బీడుల్లో, ఉపాధి హామీ కూలీలు చెరువు గట్ల మీద ఉంటారు. వాన మొదలవగానే దగ్గర్లోని చెట్టు కిందికి పరుగెడతారు, ఎందుకంటే అక్కడ ఉన్నది చెట్టొక్కటే. 2018 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడ్డాయని మన విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. అలాంటి రోజున అరగంట ముందు తెలిస్తే ఎంతమంది గట్టి కప్పున్న ఇంట్లోకి చేరతారో ఆలోచించండి.

ఫోన్‌కు మెసేజ్‌లు వస్తున్నాయి, కాదనను. పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద ఉండొద్దు అని ఉంటుంది, ఒక్కోసారి మండలాల పేర్లూ ఇస్తారు. మంచిదే. కానీ రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా పొడుగ్గా సాగిన జిల్లా మాది, ఒక మూల కుండపోత వాన ఉంటే ఇంకో మూల ఎండ కాస్తుంటుంది, వాన ఇప్పుడు ఎక్కడుంది, మా ఊరికి ఎంతసేపట్లో వస్తుంది అన్నది ఆ మెసేజ్‌లో ఉండదు. నాలుగుసార్లు మెసేజ్ వచ్చి చుక్క పడకపోతే ఐదోసారి ఎవరూ పని ఆపరు. ఆ కూలీని తప్పుపట్టలేం, అతనికి అది ఒక రోజు కూలి.

రాడార్ బొమ్మ చెప్పేది సరిగ్గా ఆ మిగిలిన మాటే. రాడార్ తరంగాలను పంపుతుంది, అవి వాన చినుకులకో వడగళ్లకో తగిలి వెనక్కి వస్తాయి. ఎంత గట్టిగా వస్తే బొమ్మలో రంగు అంత ముదురు, ఎర్రగా ఉంటే అక్కడ జోరువాన, వడగళ్లు కూడా ఉండొచ్చు. ఒక్క బొమ్మ చూస్తే చాలదు, పది నిమిషాల తేడాతో మూడు బొమ్మలు వరసగా చూస్తే అది ఏ దిక్కుకు, ఎంత వేగంగా జరుగుతోందో పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఎర్ర మచ్చ మెళియాపుట్టి మీద ఉంటే, 20 కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి అరగంట టైముందన్నమాట. పిడుగును రాడార్ చూడదు, దానికి దామిని యాప్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక అసలు విషయానికి వస్తాను, ఇది మీ అధికారులు తప్పకుండా పట్టించుకోవాలి. మేం ఆంధ్రలో ఉన్నాం కాబట్టి రాడార్ అనగానే అందరూ విశాఖ రాడార్‌నే చూడమంటారు. భూమి గుండ్రంగా ఉంది, రాడార్ కిరణం కొద్దిగా పైకి వాలి వెళ్తుంది, దూరం పోయేకొద్దీ అది నేలకు ఇంకా ఎత్తున ఉంటుంది. శ్రీకాకుళం పట్టణానికి విశాఖ తొంభై కిలోమీటర్లు, అక్కడికి కిరణం సుమారు కిలోమీటరున్నర ఎత్తులో చేరుతుంది, ఫర్వాలేదు. పలాసకు నూట అరవై కిలోమీటర్ల పైనే, అక్కడికొచ్చేసరికి మూడు కిలోమీటర్ల ఎత్తు. పొడుగాటి ఉరుముల మేఘం పైభాగం కనిపిస్తుంది గానీ, దాని అడుగున నేలకు దగ్గరగా వానకంటే ముందే దూసుకొచ్చే ఈదురుగాలి కనిపించదు. మా రేకుల కప్పులు లేపేది, కొమ్మలు విరిచేది ఆ గాలే. అదే ఒడిశాలోని గోపాల్‌పూర్ రాడార్ పలాసకు డెబ్బై అయిదు కిలోమీటర్లలో ఉంది, ఇచ్ఛాపురానికైతే ముప్పై కూడా లేదు. టెక్కలికి కూడా విశాఖ కంటే అదే దగ్గర. మబ్బుకు రాష్ట్ర సరిహద్దు లేదు కదా సార్, మరి మా ఊరికి ఏ రాడార్ చూడాలో చెప్పేటప్పుడు సరిహద్దు ఎందుకు?

అందుకని, ఈ రెండు రాడార్ల బొమ్మలను కలిపి, మండలాల పేర్లు తెలుగులో రాసిన ఒకే మ్యాపుగా ఇవ్వండి. పక్క జిల్లా విజయనగరం వాళ్లకు విశాఖ రాడార్ దగ్గరే కాబట్టి వాళ్లకు దూరం సమస్య లేదు, మ్యాపు తెలుగులో ఉంటే చాలు. గ్రామ సచివాలయంలో ఒకరికి, ఎవరో ఒకరికి, దాన్ని చదవడం రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పించండి. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట ఆ మనిషి పని అదే కావాలి. ఎర్ర మచ్చ ఊరివైపు వస్తుంటే గుడి మైకులోనో మసీదు మైకులోనో చెప్పాలి, ఉపాధి పని దగ్గర కూలీలను చూసుకునే మేట్‌కు ఫోన్ చేయాలి, మేట్‌కు పని ఆపించే అధికారం ఉండాలి, ఆగినంతసేపూ కూలి కోయకూడదు. ఈ చివరి మాట రాతపూర్వకంగా ఇవ్వకపోతే మిగతావేవీ పనిచేయవు. సముద్రంలోకి తెప్పల మీద వెళ్లేవాళ్లకు కూడా ఇదే కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకు వేట నిషేధం ఉన్నా చిన్న తెప్పలు తీరం దగ్గర తిరుగుతూనే ఉంటాయి, వాళ్లు ఒడ్డుకు చేరాలంటే ఊళ్లోవాళ్లకంటే ఎక్కువ టైమే పడుతుంది.

ఇంకోటి. రాడార్ మరమ్మతులో ఉంటే ఆ సంగతి బయటకు చెప్పండి. బొమ్మ పాతదని తెలియక ఆకాశం ఖాళీగా ఉందనుకుంటే అది ఏమీ చూడకపోవడం కంటే ప్రమాదం.

కొత్త రాడార్ గురించి కూడా అడుగుతాను. కేంద్రం 2024 సెప్టెంబరులో 2,000 కోట్లతో, వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది, రాడార్ల సంఖ్య పెంచడం అందులో ఒక భాగం. ఉత్తరాఖండ్, హిమాచల్ కొండల్లో పెట్టినలాంటి చిన్న, తక్కువ దూరం చూసే ఎక్స్ బ్యాండ్ రాడార్ ఒకటి టెక్కలి పరిసరాల్లో వస్తే మా జిల్లా మైదానంతో పాటు వంశధార, నాగావళి పరివాహకంలో కొంత భాగాన్ని కింది ఎత్తులో చూడొచ్చు. గట్టిగా అడగండి. అయితే అది వచ్చేదాకా ఆగమని మాత్రం మాకు చెప్పొద్దు, ఎందుకంటే పైన అడిగినవాటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు.

ముందు రెండు మండలాల్లో మొదలుపెట్టండి: మా వైపు వజ్రపుకొత్తూరు, విజయనగరంలో పూసపాటిరేగ. రెంటిలోనూ తోటలున్నాయి, మత్స్యకార పల్లెలున్నాయి, ఉపాధి పనులున్నాయి. వచ్చే మార్చిలోపు సచివాలయం సిబ్బందికి శిక్షణ ఇవ్వమని రెండు జిల్లాల కలెక్టర్లకు ఈ నెలలోనే ఉత్తర్వు వెళ్తే, మొదటి గాలివానకు జనం సిద్ధంగా ఉంటారు. శిక్షణ జరిగే రోజు మా ఊరి కుర్రాళ్లను వెంటబెట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక జీడి రైతు